ఆరేళ్ల తాళం

కారు తలుపుల తాళాలు పడిపోయి సత్యానందం లోపలే ఉండిపోయి మంగళవారానికి ఆరేళ్లు నిండాయి కాబట్టి, నిబంధనల ప్రకారం శుక్రవారం తనిఖీ చేసి అతన్ని వాహనంలో అమర్చిన భాగంగా నమోదు చేస్తామని రవాణా కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. నమోదయ్యాక అతన్ని తీయాలంటే స్టెప్నీ తీసినట్టు రాతపూర్వకంగా కారణం చూపాలి. కాకినాడలో ఇలాంటివాళ్లు ఇంకా నలభై ముగ్గురున్నారు. వాళ్లకి రేషన్ కౌంటర్ వేరే.

అతని భార్య పుష్పవేణికి ఈ నోటీసు గోరుచుట్టు మీద రోకటిపోటయింది. కొత్త కారు అద్దం పగలగొడితే వారంటీ పోతుందని వీధంతా ఏకగ్రీవంగా చెప్పింది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. డ్రైవరు వైపు అద్దం పైన రెండు వేళ్ల సందుంది. అట్టు మడత పెడితే దూరుతుంది. నీళ్లు గొట్టంతో ఇస్తుంది. సాయంత్రాలు ఆమె స్టూలు వేసుకుని కూర్చుంటే, ఆ సందులో వేళ్ల కొసలు తగులుతాయి గానీ చెయ్యి చేతికందదు. ఆరేళ్లుగా ఆమె కోరింది అదొక్కటే, ఆయన చెయ్యి నిండుగా ఒక్కసారి పట్టుకోవాలని. అందుకే శుక్రవారమంటే భయపడింది.

మెకానిక్ యేసురత్నం ఏటా ఒకసారి వచ్చి చూస్తూనే ఉన్నాడు. ఫ్యూజులు మార్చాడు, రిలే మార్చాడు, రిమోట్‌లో బ్యాటరీ మార్చాడు. రిమోట్ నొక్కితే నాలుగు తలుపుల తాళాలూ టక్కుమని తెరుచుకుని, ఆమె చెయ్యి పిడి దాకా వెళ్లేలోపు మళ్లీ టక్కుమని పడిపోయేవి. ఆ రెండు చప్పుళ్ల మధ్య పుష్పవేణికి ప్రతిసారీ ప్రాణం లేచొచ్చేది.

గురువారం యేసురత్నం ఫిర్యాదు కాగితం తిరగేశాడు. యజమాని పేరు, రంగు, ఇంజను నంబరు అన్నీ ఉన్నాయి. లోపలున్న మనిషిని అడగడానికి గడి లేదు. అతనికి ఏం తోచిందో, సందు దగ్గర నోరు పెట్టి మర్యాదగా అడిగాడు.

"అయ్యగారూ, ఆ రోజు తమరు ఎక్కాక ఏం జరిగిందండీ?"

"కొత్త కారుకి పూజ చేసి, నిమ్మకాయల మీదుగా నడపమన్నారయ్యా. ఎక్కాను. మా మేనత్త కొట్టిన కొబ్బరికాయ నీళ్లు వృథా పోకూడదని అద్దంలోంచి స్విచ్చుల మీద చల్లింది. అద్దం ఎత్తబోతే ఇక్కడ ఆగిపోయింది. తలుపు పిడి లాగితే ఊడి చేతికొచ్చింది."

"మరిన్నేళ్లూ సెప్పలేదేంటండీ?"

"ఎవరూ అడగలేదుగా."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. యేసురత్నం చెప్పినట్టు సత్యానందం చెంచాతో స్విచ్చుల పలక ఊడదీశాడు. కింద ఆరేళ్ల కొబ్బరినీళ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సందులోంచి అందించిన స్పిరిటుతో తుడిచి, గంటసేపు ఆరనిచ్చాడు. తర్వాత పుష్పవేణి రిమోట్ నొక్కింది. టక్కుమంది. రెండో చప్పుడు రాలేదు.

ఆమె తలుపు తీసింది. లోపల నుంచి ప్లాస్టిక్ కవర్ల వాసన వచ్చింది. సత్యానందం చెయ్యి చాచాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, గోళ్లు ఎవరు తీస్తున్నారో, కణత దగ్గర ఇంత నెరుపు ఎప్పుడొచ్చిందో అడగాలనుకుని, ఏమీ అడగలేక ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, దిగండి అంది.

సత్యానందం రోడ్డు వైపు చూశాడు. బస్సొకటి వెళ్లింది.

"వేణీ," అన్నాడు మెల్లగా, "తలుపెయ్యి. దుమ్మొస్తోంది."

ఆమె ఇంకాసేపు ఆ చెయ్యి పట్టుకునే నిలబడింది. తర్వాత అతని చెయ్యి అతని ఒళ్లో పెట్టి, చీర చెంగుతో సీటు మీద దుమ్ము తుడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసింది. ఆయనకు చప్పుడు గిట్టదు.

మర్నాడు తనిఖీ అధికారి రిమోట్ నాలుగుసార్లు నొక్కి చూశాడు. తీసినప్పుడల్లా తాళాలు తెరుచుకున్నాయి, వేసినప్పుడల్లా పడ్డాయి, లోపలి మనిషి కదల్లేదు. తాళాలు సక్రమంగా పనిచేస్తున్నాయని, లోపలి మనిషి వాహనంలో అమర్చిన భాగమేనని రాసి, కింద సాక్షి సంతకం చేయమని పుష్పవేణికి పెన్ను ఇచ్చాడు. ఆమె సంతకం చేసింది.