టీ ఒలకని మధ్యాహ్నం

సిగ్గుపడనక్కర్లేని గతం ప్రతి పౌరుడి జన్మహక్కు అని ప్రభుత్వం ప్రకటించిన నాటి నుంచి, గత సవరణల కార్యాలయం ముందు వరుస వీధి మలుపు దాటింది. (వరుసలో తిట్టుకున్న తిట్లను లోపల ఉచితంగా సవరిస్తారు.)

ఆ వరుసలో కళ్ళద్దాల దుకాణదారు ఉన్నాడు. పక్కనే అతని బావ. సవరణతో సంబంధం ఉన్న రెండో మనిషి స్వయంగా వచ్చి సమ్మతి తెలపాలన్నది నిబంధన.

సంగతి చిన్నది. బావ ఇంకా బావ కాకముందు, అక్కను చూసుకోడానికి మొదటిసారి ఇంటికొచ్చిన మధ్యాహ్నం, అప్పటికి నూనూగు మీసాల వయసులో ఉన్న దుకాణదారు పెద్దమనిషి తరహాగా టీ ట్రే పట్టుకుని నడిచొచ్చాడు. తివాచీ అంచుకు కాలు తగిలింది. టీ మొత్తం బావ తెల్ల పాంటు మీదికి చేరింది. పాంటు ఆరేదాకా బావ ఇతని ఆటల నిక్కరు తొడుక్కుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, ఇంటిల్లిపాదితో సాయంత్రం వరకూ కబుర్లు చెప్పాడు. ఆనాటి నుంచి దుకాణదారు పేరు జలపాతం. ఏ విందుకెళ్ళినా బావ ఆ కథే ఎత్తుకునేవాడు. ఏటేటా టీ వేడెక్కేది, నిక్కరు పొట్టిదయ్యేది. ఈమధ్య దుకాణదారు కొత్త వియ్యంకుడి ముందు కూడా చెప్పాడు. వియ్యంకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. దుకాణదారుకు తల కొట్టేసినట్టయింది.

"ఏరా జలపాతం, నిజంగానే తీయించేస్తావా?"

"తీయించేస్తా. నీకు నా పరువు తప్ప వేరే కాలక్షేపం లేదు."

"నీ పరువెంతరా, ఆ నిక్కరంత. అది కప్పుకోడానికి నాకే దిండు కావాల్సొచ్చింది."

వెనకనున్నావిడ కిసుక్కుమంది.

"చూశావా? ఇందుకే," అన్నాడు దుకాణదారు.

బావ అతని మొహంలోకి చూశాడు. "నువ్వూ నవ్వుతున్నావు కదా అనుకున్నాన్రా. అంత బాధగా ఉందని తెలీదు. సర్లే, తీయించెయ్."

గతకాల ఉపసవరణాధికారిణి గాజు పలక వెనక తల ఎత్తకుండా నిబంధనలు వినిపించింది. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ కదలవు, అవి రక్షిత కట్టడాలు. జరిగింది అందరూ మర్చిపోతారు. దరఖాస్తుదారుకు మాత్రం గుర్తుంచుతారు, లేకపోతే అతనికి సేవ అందిన తృప్తి కలగదు.

"మరి నవ్వులు?" అడిగాడు బావ.

"నవ్వులు ఏ విభాగం కిందికీ రావండీ."

బావ వేలిముద్ర వేశాడు. అధికారిణి ముద్ర గట్టిగా కొట్టింది. (సవరణకు ఆ చప్పుడు అవసరం లేదు. పౌరుల నమ్మకం కోసం.)

బావ పక్కకు తిరిగి, దుకాణదారును చూసి, చేతులు జోడించాడు. "నమస్కారమండీ. మీరూ ఏదో పని మీద వచ్చినట్టున్నారు. ఇంట్లో అంతా కులాసాయేనా?"

దుకాణదారు గాల్లో తేలుతూ ఇల్లు చేరాడు. సవరించిన గతంలో బావ టీ తాగి, బావుందని చెప్పి, పావుగంటలో లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళి నిబంధన ప్రకారం జరిగిపోయింది. ఇప్పుడు విందుల్లో బావ అతని కోసం కుర్చీ జరుపుతున్నాడు, ఎండల గురించి అడుగుతున్నాడు, జవాబు పూర్తిగా వింటున్నాడు. అక్క తిట్టడం మానేసింది. ఫోన్ చేసే ముందు వీలవుతుందా అని సందేశం పంపుతోంది. వియ్యంకుడు మీ ఇంట్లో ఎంత మర్యాదండీ అని మెచ్చుకుని, భోజనం కాగానే చెప్పులు వేసుకున్నాడు.

మూడో విందు తర్వాత దుకాణదారు కార్యాలయానికి పరిగెత్తాడు. పాతది తిరిగి పెట్టమన్నాడు.

"తప్పకుండా. రెండో మనిషి సమ్మతి కావాలి," అంది అధికారిణి.

బావ అంతా ఓపిగ్గా విన్నాడు. "మీరు నా మీద టీ పోశారని నేను ఒప్పుకోవాలా? మీలాంటి పెద్దమనిషి మీద అంత మాట నా నోట రాదండీ."

దుకాణదారు పట్టు వదల్లేదు. పాత నవ్వు రాకపోతే కొత్తది పుట్టించుకోవచ్చు, దానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. బావ అద్దాలు మార్పించుకోడానికి దుకాణానికొచ్చిన రోజు, వాటిని స్వయంగా ఆయన చెవులకు తగిలించి, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయా అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. తర్వాత పిల్లల గులాబీ రంగు ఫ్రేము తన ముక్కు మీద ఇరికించుకుని, చక్రాల స్టూలెక్కి, స్టూలు అటు పోతుంటే తను ఇటు వాలి, అందిన ఫ్రేముల స్టాండును కావలించుకుని, దాన్నంతా మీద వేసుకుని దబ్బున పడ్డాడు. ఒక చెప్పు ఎగిరి వెళ్ళి అక్షరాల బోర్డుకు తగిలింది. ఫ్రేముల గుట్ట కింద నుంచి ఆశగా పైకి చూశాడు.

బావ పెదవి ఒక మూల కదిలింది. కదిలి, ఆగిపోయింది. వంగి అతన్ని జాగ్రత్తగా లేపి, చొక్కా దులిపి, గొంతు తగ్గించాడు.

"మీరేం కంగారు పడకండి. ఈ సంగతి ఎవరితోనూ అనను. మా ఇంట్లో కూడా చెప్పను."

బావ మాట మీద నిలబడే మనిషి.