బానెట్టు మీది గుడ్లమూట

సోమశిల డ్యాం పనులు జరుగుతున్న రోజుల్లో, ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తెల్లవారుతూనే ఒక బస్సు బయలుదేరేది. దాని ఇంజను లోపలే, డ్రైవరు పక్కనే ఉండేది. ఆ ఇంజను మూత, అదే బానెట్టు మీద పాలక్యాన్లు, పూలబుట్టలు, సీటు దొరకని ముసలమ్మలు వెచ్చగా ప్రయాణం చేసేవారు. ఇప్పటి బస్సుల్లో అంత మర్యాద ఎక్కడిది!

డ్రైవరు షావలికి ఆ వేళ కూర్చుని తినే తీరిక ఉండదు. భార్య సుగ్రాబీ మొదట రొట్టెలో ఆమ్లెట్ చుట్టి ఇచ్చింది. నూనె కారి ఖాకీ చొక్కా పాడైంది. గుడ్డు పొరటు కట్టిస్తే గతుకులకు సగం కాళ్ల దగ్గర పడింది. చివరికి గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీయకుండా, ఉప్పూకారం పొట్లంతో సహా గళ్ల తువ్వాల్లో మూటగట్టింది.

"అల్లాయే కట్టిచ్చిన పొట్లం ఇది. కారదు, రాలదు," అంది.

ఒకరోజు పిచ్చమ్మ అనే పెద్దామె అలాంటి గళ్ల తువ్వాలు మూటనే తెచ్చి, బానెట్టు మీద షావలి మూట పక్కన పెట్టింది.

"పొదగేసే గుడ్లు నాయనా, బద్రం. తెగులొచ్చి నా కూతురి కోళ్లన్నీ పొయినాయి. ఒక్క పెట్ట మిగిలుండాది. మల్లా మొదలుపెట్టాల బిడ్డ."

షావలి ఆ పొద్దు గుంతలన్నీ తప్పిస్తూ, పెళ్లికూతుర్ని తీసుకెళుతున్నట్టు బస్సు నడిపాడు. కూతురి ఊరి స్టేజీలో పిచ్చమ్మ మూట తీసుకుని దిగిపోయింది.

ఆత్మకూరు చేరాక షావలి ఒక గుడ్డు తీసి స్టీరింగుకు కొట్టాడు. సొన ఒళ్లంతా కారింది. "ఉడకబెట్టను గూడా తీరిక లేదా దీనికి!" అని విసుక్కుంటూ మిగతావి టీకొట్టులో ఆమ్లెట్ వేయించాడు. కండక్టరు రాజమోహన్‌కూ పెట్టి, తృప్తిగా తేన్చాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య మీద లేచాడు.

"పచ్చి గుడ్లు కట్టిస్తావా?"

"నేనా? అయితే నేను పెట్టిన ఉప్పూకారం పొట్లం యాడుండాది?"

మూటలో పొట్లం లేదు. మూటలు మారిపోయాయని షావలికి అప్పుడు తెలిసింది. పిచ్చమ్మ కూతురి కోళ్లగూడును తాను ఆమ్లెట్ వేసుకుని తిన్నాడు. అక్కడ ఆ పెట్ట పాపం ఉడికిన గుడ్ల మీద కూర్చుని ఉంటుంది.

మర్నాడు ఆత్మకూరు హోటలుకు పాలక్యాను ఎక్కించడానికి, కూతురి దగ్గరే ఉండిపోయిన పిచ్చమ్మే స్టేజీకి వచ్చింది. షావలి నోరు తెరిచేలోపే, "పెట్ట కదలకుండా కూచోనుండాది నాయనా!" అంది. ఆ సంబరం మీద నీళ్లు చల్లడానికి అతనికి మనసొప్పలేదు.

"మంచిది అవ్వా," అన్నాడు. ఆ మాటతో ఇరుక్కుపోయాడు.

తాను తిన్నదేమిటో తెలియని రాజమోహన్, రోజూ ఆ స్టేజీలో "అవ్వా, కోడి ఎట్టుండాది?" అని అరిచేవాడు. పాసింజర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి దాని బాగోగులు అడిగేవారు. కలిగిరి ఆసామి ఒకాయన నూకలు వేయమన్నాడు. సీతారామపురం ఆమె దిష్టి తీయమంది. షావలి మాత్రం ఎటూ చూడకుండా హారను కొట్టేవాడు.

పిల్లలయ్యే రోజు వచ్చేసరికి ఇక ఉండబట్టలేక, సంతలో గంపెడు కోడిపిల్లలను కొన్నాడు. వాటిని తీసుకుని స్టేజీలో దిగేసరికి పిచ్చమ్మ చేతిలోనూ ఒక గంప ఉంది. అందులోనూ కోడిపిల్లలే, కీచుకీచుమంటున్నాయి.

"ఉడికిన గుడ్లు ఎట్ట పిల్లలయినాయి అవ్వా?" అని షావలి నోరు జారాడు.

పిచ్చమ్మ తల దించుకుంది. "మూట ఇప్పితే ఉప్పూకారం పొట్లం కనబడింది నాయనా. నీ టిఫినని తెలిసినాది. అయినా ఆగలేక తినేసినాం. ఇవి పక్కింట్లో గుడ్లు అడుక్కోని పొదగేసినవి, నీకే ఇద్దామని తెచ్చినా. నీ టిఫినేమయిందని నువ్వు యాడ అడగతావో అని రోజూ నేనే ముందు కోడి కబురు చెప్తా ఉండాను."

బస్సంతా గొల్లున నవ్వింది. రాజమోహన్ మాత్రం పొట్ట నిమురుకున్నాడు. షావలి గంప పిచ్చమ్మ కూతురికి పోయింది. పిచ్చమ్మ గంప షావలికి వచ్చింది. ఎవరు వద్దన్నా రెండోవారు వినలేదు.

ఆ పిల్లలు పెట్టలయ్యాక సుగ్రాబీకి గుడ్లకు కొదవ లేకుండా పోయింది. షావలి మూటలో మాత్రం ఆనాటి నుంచి ఉప్మాయే.

"దాని మీద ఏ కోడీ కూచోదు," అనేది సుగ్రాబీ.