కామా లేని పిలుపు

శనివారం ఉదయం చంద్రిక ప్లాన్ చాలా తేలికగా ఉంది. ఎనిమిదికి వంకాయలను నాలుగు పక్షాలుగా కోయడం, తొమ్మిదికి పరుపులో గాలి కొట్టడం, పన్నెండుకి తమ్ముడు.

తమ్ముడి పేరు శ్రేయాస్. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉంటాడు. ఆమె డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుని నాలుగు నెలలైంది. గొడవ పెళ్ళి గురించి కాదు, పొలం గురించి కాదు, ఒక అపాస్ట్రఫీ గురించి. ప్రమోషన్ వచ్చిన రోజు అతను ఫ్యామిలీ గ్రూప్‌లో, అంతా మీ ఆశీస్సులే అని ఇంగ్లిష్‌లో పెట్టాడు. ‘మీ’ అనాల్సిన చోట your బదులు you're పడింది. ఇంకా ఎవరూ కంగ్రాట్స్ చెప్పకముందే చంద్రిక కింద ఒక నక్షత్రం గుర్తు పెట్టి సరైన స్పెల్లింగ్ రాసింది. దానికి పదమూడు మంది పళ్ళికిలించే బొమ్మలు పెట్టారు. ప్రమోషన్ సంగతి అందరూ మర్చిపోయారు. శ్రేయాస్ గ్రూప్‌లోంచి వెళ్ళిపోతూ అక్కకు మాత్రం విడిగా ఒక మాట రాశాడు: “నీ మెసేజ్‌లు ఇమిగ్రేషన్ ఆఫీస్ లెటర్లలా ఉంటాయక్కా. మనిషి రాసినట్టుండవు.”

యాప్‌లకు ఎర్రర్ మెసేజ్‌లు రాయడం చంద్రిక ఉద్యోగం. ఏదో పొరపాటు జరిగింది అన్న ముక్కను పదకొండు రకాలుగా, మర్యాదగా చెప్పగలదు. ఆ పదకొండులో, పొరపాటు నాదే అన్నది మాత్రం లేదు. అందుకే నాలుగు నెలలు మాటల్లేకుండా గడిచిపోయాయి.

బుధవారం మధ్యాహ్నం వాడే మెసేజ్ పెట్టాడు. శుక్రవారం డల్లాస్‌లో ఆఫీస్ పని ఉందిట. వాడి అలవాటు ప్రకారం కామా, ప్రశ్నార్థకం ఏదీ లేకుండా, తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపికొట్టి రెండు ప్రశ్నలు వేశాడు. శనివారం ఇంటికి రానా? వచ్చేముందు కాల్ చేయాలా?

అక్క ఇంటికి రావడానికి కాల్ చేసి పర్మిషన్ తీసుకుంటాడా వెధవ? చంద్రిక “vaddu, ra.” అని టైప్ చేసింది. పంపబోతూ ఆగింది. అచ్చం ఇమిగ్రేషన్ లెటర్‌లా కనిపించింది. చివర ఉన్న ఫుల్‌స్టాప్ చెరిపేసింది. ఇంకా బిగుసుకునే ఉంది. కామా కూడా చెరిపేసింది. “vaddu ra” అని వెళ్ళింది. ఊహ తెలిశాక ఆమె కావాలని చేసిన మొదటి తప్పు అది, అదీ ప్రేమతో చేసింది.

అటునుంచి “k” అని ఒక్క అక్షరం వచ్చింది. ఇంకెవరైనా అలా పెడితే ఆ పూటంతా సణిగేది. ఇప్పుడు మాత్రం ఆ అక్షరం కూడా ముద్దొచ్చింది. వెంటనే ప్లేనోలో ఉండే నాగమల్లేశ్వరి పిన్నినీ, బాబాయినీ భోజనానికి పిలిచేసింది.

శుక్రవారం పిన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: “మేము రేపు రావట్లేదు....... మీరే తినండి.......” పిన్ని ప్రతి మాట వెనకా చుక్కలు పెడుతుంది, పుట్టినరోజు శుభాకాంక్షల వెనక కూడా. కాబట్టి చుక్కల్లో కోపం ఉందో మోకాళ్ళ నొప్పి ఉందో ఎవరికీ తెలియదు. చంద్రిక మోకాళ్ళనే అనుకుంది.

శనివారం పన్నెండైంది. ఒంటి గంటైంది. రూమ్మేట్ అంకిత, కరీంనగర్ అమ్మాయి, ప్లేటు పట్టుకుని వంటింట్లోకి మూడోసారి వచ్చింది.

“ఏందే, నీ తమ్ముడు వస్తడా రాడా? ఆకలైతుంది నాకు.”

“కాల్ చేస్తున్నా, ఎత్తట్లేదు.”

“రోడ్డు మీద ఉన్నడేమో. మీ పిన్నిని అడుగు.”

పిన్ని మొదటి రింగ్‌కే ఎత్తింది. “ఇప్పుడు గుర్తొచ్చామా తల్లీ?”

“అదేంటి పిన్నీ, నువ్వే కదా రానన్నావ్?”

“నా అంతట నేనంటానుటే? నీ తమ్ముడే నన్ను రావద్దని మెసేజ్ పెట్టాడు. అది కూడా ఎలా? ఉగ్గు తాగినప్పట్నుంచీ పిన్నీ నువ్వూ అనేవాడు, ఉన్నట్టుండి రావద్దండి ట! వద్దన్నందుకు కాదే నా బాధ, ఆ ‘అండి’కే నా కడుపు మండింది.”

చంద్రికకు కోపం నషాళానికంటింది. వాడికి తనమీద కోపముంటే ఉండనీ, మధ్యలో పిన్ని ఏం చేసింది? కోపం వస్తే ఆమె భాష ఇంకా శుభ్రమవుతుంది. తమ్ముడికి రెండు పేరాలు ఇంగ్లిష్‌లో రాసి పంపింది. అందులో ఒక సెమీకోలన్ కూడా ఉంది. పెద్దవాళ్ళను అవమానించడం ఆమోదయోగ్యం కాదనీ, తగిన వివరణ ఆశిస్తున్నాననీ సారాంశం. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: ఆదివారం ఫ్లైట్‌ని ఇవాళ ఐదింటికి మార్చుకున్నాడుట, బై ట.

రెండింటికి తలుపు తట్టారు. పిన్ని. ఫోన్‌లో తేల్చుకోలేని సంగతులు మనిషి ఎదురుగా తేల్చుకోవడం ఆమెకు అలవాటు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో పెరుగావడల డబ్బా.

“చూడు, నీ కళ్ళతోనే చూడు,” అని ఫోన్ బల్లమీద పెట్టింది. చంద్రిక తన ఫోన్ పక్కన పెట్టింది. అంకిత ముందు చంద్రిక ఫోన్ తీసి, కోర్టులో గుమాస్తాలా పైకి చదివింది.

“ఇంటికి రానా, కాల్ చేయాలా. దానికి నువ్వేమన్నవ్? వద్దురా.” అంకిత తలెత్తింది. “నువ్వే వద్దన్నవ్ కదే!”

“వద్దురా ఏంటి? కాల్ వద్దు. నువ్వు రా. వద్దు, రా.”

“మరి మధ్యల కామా ఏది?”

“తీసేశాను.”

“నువ్వా?” అంకిత ప్లేటు బల్లమీద పెట్టేసింది. “నా షాపింగ్ లిస్టుల స్పెల్లింగ్ దిద్దే నువ్వు, కామా తీసేసినవా?”

చంద్రిక పిన్ని ఫోన్ లాక్కుంది. తెరమీద “akka intiki ravaddandi nenu hotel lo unta” అని ఉంది. ఒకసారి కళ్ళతో చదివింది. రెండోసారి పైకి చదివింది. మూడోసారి చదువుతూ ravaddandi దగ్గర ఆగిపోయింది.

“పిన్నీ, ఇది అండి కాదు. అంది. అక్క ఇంటికి రావద్దంది, నేను హోటల్లో ఉంటా అని చెప్తున్నాడు నీకు.”

పిన్ని ఫోన్ వెనక్కి తీసుకుని మళ్ళీ చూసింది. “అయితే నన్ను కాదా అన్నది? అయ్యో నా తండ్రీ! నేను రెండ్రోజులు వాడి కాల్ ఎత్తలేదే! అయినా నువ్వెందుకు రావద్దన్నావే వాణ్ణి?”

“నేననలేదు పిన్నీ!”

గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. వాడు ఇప్పుడూ కాల్ ఎత్తకపోవడంతో చంద్రిక సంజాయిషీ రాయడం మొదలుపెట్టింది. కామాలతో రాస్తే నోటీసులా ఉంది. కామాలు తీస్తే ఇంకో అర్థం వస్తుందేమోనని భయమేసింది. నవ్వు బొమ్మ పెడితే వెక్కిరించినట్టుంది, ఏడుపు బొమ్మ పెడితే ఎవరో పోయినట్టుంది. అక్షరాలతోనే అన్నం తినే మనిషికి, ఒక్క తమ్ముడికి పంపడానికి ఒక్క లైను దొరకలేదు.

అంకిత ఫోన్ లాగేసుకుంది. “ఇగ నువ్వు రాయకు. రాసినకొద్దీ పంచాయితీ పెద్దగైతుంది. లే, కార్ తియ్.”

“వాడొచ్చినప్పుడల్లా ఆఫీస్ వాళ్ళు ఆ చెరువు పక్క హోటల్లోనే దింపుతారే,” అంది పిన్ని. “వెళ్ళు, మేం కూర వెచ్చబెడతాం.”

శ్రేయాస్ హోటల్ లాబీలో బ్యాగ్ కాళ్ళ దగ్గర పెట్టుకుని క్యాబ్ కోసం చూస్తున్నాడు. నాలుగు నెలల్లో కొంచెం చిక్కాడు. అక్కను చూసి లేచాడు, లేచాక ఏం చేయాలో తెలియక బ్యాగ్ చేతిలోకి తీసుకున్నాడు.

“వద్దన్నావ్ కదక్కా. మళ్ళీ ఎందుకొచ్చావ్?”

“కాల్ వద్దన్నానురా. నిన్ను రమ్మన్నాను. వద్దు...” చంద్రిక ఊపిరి తీసుకుంది. “రా.”

శ్రేయాస్ బ్యాగ్ కింద పెట్టాడు. “నాకూ అదే డౌటొచ్చింది. రెండ్రోజులు అదే మెసేజ్ తీసి తీసి చూశా. వద్దు, రా అయ్యుంటుందేమో అని.”

“మరి అడగొచ్చు కదరా!”

“కామా లేదు కదా. ఇంకెవరైనా అయితే మర్చిపోయారులే అనుకునేవాణ్ణి. నువ్వు కామా మర్చిపోయే మనిషివా? కామా లేదంటే కావాలనే పెట్టలేదనుకున్నా.”

తప్పుల్లేకుండా రాస్తే అపార్థాలుండవని చంద్రిక ఇన్నేళ్ళూ నమ్మింది. వాడేమో ఆమె రాసిన రెండు మాటలతో పాటు ఆమె ఇన్నేళ్ళుగా పెట్టిన కామాలన్నిటినీ కలుపుకుని చదివాడు. అంత శ్రద్ధగా తనను చదివినవాళ్ళు ఇంకెవరూ లేరనిపించింది. అలాంటి వాడి మంచి కబురులో తను చదివింది ఒక్క అపాస్ట్రఫీ.

“నీకోసమే తీసేశానురా,” అంది చివరికి. “మనిషి రాసినట్టు ఉండాలని.”

శ్రేయాస్ నవ్వబోయి ముక్కు చీదుకున్నాడు. క్యాబ్ క్యాన్సిల్ చేశాడు. ఫ్లైట్ సంగతి కార్‌లో చూసుకోవచ్చన్నాడు.

కార్ హైవే ఎక్కింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

“అక్కా, ఆ రోజు నేను గ్రూప్‌లోంచి అలా...”

“కాదురా, నేనే అందరి ముందూ...”

“అంటే నువ్వు కావాలని కాదు గానీ...”

“కావాలనే అనుకో. కానీ ప్రమోషన్ అంటే మామూలు విషయమా, నేను...”

“సర్లే అక్కా.”

“సర్లే ఏంట్రా, నేనింకా...”

వెతికినా ఆ మాటల్లో ఒక్క పూర్తి వాక్యం దొరకదు. ఆ మాటల మధ్య హైవే దిగాల్సిన ఎగ్జిట్ కూడా దొరకలేదు.