ఏడు తాళాల కంప్యూటరు, గొళ్ళెం లేని తలుపు

నాకు డెబ్భై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఆడిన అబద్ధం ఒక్కటి కూడా మర్చిపోలేదు. నిజాలంటారా, అవి ఎలాగూ ఇంకెవరికో ఒకరికి గుర్తుంటాయి కదా అని వదిలేశాను.

అంతటి జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ణి కాబట్టే గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. తెరుచుకోని కంప్యూటరుని మించిన మేలు ఈ లోకంలో మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. మా వీధి చివర ఒంటి గది లైబ్రరీ ఉంది. నాలుగు బీరువాలు, ఒక కాలు కుంటే బల్ల, ఒక కంప్యూటరు. దానికి కార్యదర్శిని నేను. జీతం లేని పదవి, అందుకే పోటీ లేదు.

మా అల్లుడు ఓ పెద్ద కంపెనీలో సిస్టమ్ అడ్మిన్. అంటే ఏం పనయ్యా అని అడిగితే, "ఏమీ జరక్కుండా చూడ్డం మావయ్యా" అన్నాడు. ఏమీ జరక్కుండా చూసినందుకు జీతమిస్తారా! నేను ముప్పై ఏళ్ళు ఆ పని ఊరికే చేశానే!

ఆ పుణ్యాత్ముడు ప్రతి ఆదివారం వచ్చి మా లైబ్రరీ కంప్యూటరుకి ముందుజాగ్రత్తలు చేసి పోతాడు. "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగితే ఏం లాభం మావయ్యా?" అంటాడు. నిజమే. అందుకని మా కుక్క దొంగ పుట్టకముందు నుంచే మొరుగుతోంది.

పాస్‌వర్డుకి పద్నాలుగు అక్షరాలుండాలి. ప్రతి ఒకటో తారీఖునా మార్చాలి. కొత్తది పాతదానికి దూరపు చుట్టమైనా కాకూడదు! పెన్‌డ్రైవ్ పెట్టే కన్నానికి లక్క పోసి మూశాడు. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూసుకుంటుంది. ముక్కు చీదుకుని తలెత్తేసరికి 'ఎవరు నువ్వు?' అంటుంది. ఈ వయసులో అంత లోతైన ప్రశ్న నన్ను ఇంకెవరు అడుగుతారు చెప్పండి?

అది దాటితే ఫోనుకి ఒక కోడు వస్తుంది. దాని ఆయుష్షు ముప్పై సెకన్లు. ఫోనేమో ఇంట్లో మా ఆవిడ దగ్గర. ఆవిడ మేడ మీంచి అరుస్తుంది, మధ్యలో కొట్లోంచి దర్జీ అందుకుంటాడు, నాకు చేరేసరికి ఆ రహస్యం వీధి వీధంతా కంఠస్థం. ఇంత ఐకమత్యం ఇదివరకు ఉండేదా?

ఇలా వేలు మడిచి లెక్కపెడితే మొత్తం ఏడు తాళాలు. ఇంత కోటకీ ఒకే ఒక్క లోటు, గది తలుపుకి గొళ్ళెం లేదు. ఊడిపోయి మూడేళ్ళయింది. గాలి కొడితే తెరుచుకుంటుంది, జాలి కలిగితే మూసుకుంటుంది. పెద్దాఫీసుకి ఏడు అర్జీలు పెట్టాను. సరే, చిన్న విషయం, పక్కన పెట్టండి.

పాస్‌వర్డు మర్చిపోతే ఆదుకోవడానికి మూడు ప్రశ్నలుంటాయి. వాటి దగ్గర అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిజాలు రాయకండి మావయ్యా. మీ సంగతులు ఊరందరికీ తెలుసు."

"మరేం రాయమంటావ్?"

"అబద్ధాలు రాయండి."

నలభై ఎనిమిదేళ్ళుగా అబద్ధాలు మానండి మానండి అని పోరే ఇంట్లో, నన్ను అబద్ధమాడమని బతిమాలిన మొదటి మనిషి వాడు! కళ్ళు చెమర్చాయి. పూనకం వచ్చినట్టు మూడూ రాసేశాను. ఎందుకైనా మంచిదని ఒక కాగితమ్ముక్క మీద కూడా రాసి దాచాను.

ఈ నెల ఒకటో తారీఖున కొత్త పాస్‌వర్డు పెట్టాను. రెండో తారీఖుకి అది నాకు పరాయిదైపోయింది. సరిగ్గా ఆవేళే నాలుగింటికి తనిఖీ అధికారి వస్తున్నట్టు కబురు. నెలకి మూడొందల మంది పాఠకులున్నట్టు జాబితా చూపిస్తే సరి, లేకపోతే లైబ్రరీ ఎత్తేసి ఆ గదిలో పాత కుర్చీలు పడేస్తారట! జాబితా కంప్యూటర్లో ఉంది. మరి కాగితం? గొళ్ళెం లేని తలుపు తోసుకొచ్చి మేక తినేసింది. తెల్ల మేక, ఒక చెవి మాత్రం నల్లది.

దర్జీ ఫోను అడిగి అల్లుడికి చేశాను.

"తియ్యగలను గానీ తియ్యకూడదు. కొత్త నంబరు నుంచి చేసి మావయ్యనంటే ఎలా నమ్మను?"

"ఓరి నాయనా, నీకు పిల్లనిచ్చినవాణ్ణయ్యా!"

"అలా ఎవరైనా చెప్పొచ్చండీ" అని పెట్టేశాడు.

ఇక మిగిలింది ఆ మూడు ప్రశ్నలే. నాలుగు తప్పుల దాకా ఓర్చుకుంటుంది, అయిదోది పడితే ఒక రోజంతా తెర బంద్. అధికారి వచ్చి నా వెనకే నించున్నాడు.

మీరెక్కిన మొదటి వాహనం? 'ఏనుగు' అని కొట్టాను. తప్పు. 'ఓడ.' తప్పు. 'గుర్రం.' తప్పు! వెధవ యంత్రం, దేన్నీ నమ్మదు. ఇంతలో కోడు అరిచే పని ఈవేళ పడలేదేమిటా అని మా ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, అది రాసినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"అల్లుడు."

"అయితే మొసలి. చుట్టాల ముందు ఏనుగు, పిల్లల ముందు గుర్రం, అల్లుడి ముందు ఎప్పుడూ మొసలే."

మొసలి! తెర ఒప్పుకుంది.

పుట్టిన చోటు? నేను ఆవిడ మాట వినకుండా 'రైలు పెట్టె' అని కొట్టాను. నాలుగో తప్పు. ఆవిడ నెత్తి కొట్టుకుని, "తుఫానులో పడవ, మహానుభావా" అంది. అదీ ఒప్పుకుంది.

మూడోది, మీ ప్రాణస్నేహితుడు? ఇంకొక్క తప్పు పడితే చదివే గది కాస్తా కుర్చీల గదే. గుమ్మంలోంచి దర్జీ తొంగి చూస్తున్నాడు, పేపరు అక్కడే చదువుతాడు పాపం.

"ఎలుగుబంటి" అంది మా ఆవిడ. "నన్ను చూసిన మొదటిరోజు చెప్పారు. అది మీతో చద్దన్నం పంచుకునేదట. నేను నమ్మాను."

తెరుచుకుంది! పాఠకులు మూడొందల పదకొండు!

అధికారి ముక్కున వేలేసుకున్నాడు. "ఇంత భద్రత మా పెద్దాఫీసులోనే లేదు" అని, ఎనిమిదో తాళానికి సిఫార్సు రాసేశాడు.

"అయ్యా, ఆ చేత్తోనే తలుపుకో గొళ్ళెం..."

"దానికి వేరే విభాగం పెద్దాయనా!" అని తలుపు విసురుగా లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ విసురుకి తలుపు కింద నుంచి మడత పెట్టిన కాగితమొకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

ఇక దాచేదేముంది, ఒప్పేసుకుంటాను. మేక రాలేదు. ఆ నల్ల చెవి మాత్రం బాగా కుదిరిందని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. తలుపు కొట్టుకోకుండా నేనే చేతికందిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కింద దోపి మర్చిపోయాను. మొదట్లో చెప్పిన జ్ఞాపకశక్తి సంగతి మీరూ మర్చిపోండి.

విప్పి చూశాను. మొసలి, పడవ, ఎలుగుబంటి, ముగ్గురూ క్షేమం. మళ్ళీ నాలుగు మడతలు పెట్టి తలుపు కిందే దోపాను.

మరేం చెయ్యమంటారు? అది తీస్తే తలుపు నిలవదు.