నిఖార్సైన ఇంట్లో ఉత్తుత్తి కుస్తీ

లోకంలో అబద్ధం ఇంక రెండే చోట్ల మిగిలి ఉందని మా బావగారు, అంటే మావారి అన్న, సుబ్రహ్మణ్యం గారు తేల్చారు. ఒకటి ఎదురు కొట్టువాళ్ల జరీలో. రెండోది నేను మధ్యాహ్నం పూట చూసే జపాన్ కుస్తీలో. మిగతా లోకమంతా, అందులోనూ హిందూపురం బజారులోని మా పట్టుచీరల కొట్టు, సత్యం మీదే నిలబడి ఉంది!

ఇంత గొప్ప సిద్ధాంతం ఒక తడి స్పూను వల్ల పుట్టింది.

ఆ రోజు పొద్దున దోసెలు వడ్డిస్తూ చెనిక్కాయల పొడి డబ్బా, అదే వేరుశనగ పొడి డబ్బా, తెరిచాను. పైన పొడి, మధ్యలో ముద్ద.

"దీంట్లో తడి స్పూను పెట్టిందెవరు?" అన్నాను.

కొట్టుకు బయల్దేరే తొందరలో ఉన్న మావారు మల్లికార్జున దోసె మీంచి కళ్లెత్తలేదు. "తడి యాడుండాది?"

"ముద్ద కట్టింది."

"వానలు గదా."

హిందూపురంలో వానలు! ఆకాశం కూడా సిగ్గుపడే అబద్ధం. ఆ మాటే అన్నాను. తప్పించుకునే దారి లేక ఆయన ఎదురుదాడికి దిగారు.

"నీ ధ్యాసంతా ఆ చెడ్డీల కుస్తీ మీద ఉంటే పొడి ముద్ద కట్టకేం చేస్తాది?"

"ధ్యాస పొడి మీద ఉండబట్టే గదా అడిగింది!"

పక్క పీట మీద మా అత్తగారు లక్ష్మీదేవమ్మ చెయ్యి ఆగింది. "ఏం కుస్తీనే?" అన్నారు. ఆమె వెనకాలే, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన బావగారు కూడా, "కుస్తీ ఏందమ్మా?" అన్నారు. ఒక్క స్పూను దెబ్బకు ఇంటిల్లిపాదీ నా మీదికి తిరిగారు.

దాచడానికి అందులో ఏమీ లేదు. జపాన్‌లో సాయంత్రమైతే మనకు మధ్యాహ్నం. మగవాళ్లు కొట్లో ఉంటారు, అత్తగారు పడుకుంటారు, గిన్నెలు బోర్లించి ఉంటాయి. వెతుక్కుని పెట్టుకున్నా ఇంత అనుకూలమైన సమయం దొరకదు. బి.ఎస్సీ. చదివిన దాన్ని, చూసి ఊరుకోలేను కదా! ఏ మ్యాచ్ ఎందుకు బాగుందో, ఏది ఎందుకు చప్పగా ఉందో తెలుగులో రాసి, ఒక ఆటల వెబ్‌సైట్‌లో వార్తల కింద వ్యాఖ్యగా పెడుతూ వచ్చాను. ఆ సైటు ఎడిటర్‌కు నా రాత నచ్చింది. ప్రతి వారం సమీక్ష రాయమన్నాడు. షరతు ఒక్కటే. మారుపేర్లు వేయరట. సొంత పేరు, ఇంటిపేరు, ఫొటో.

ఆ షరతుకే నేను పడిపోయాను. నా పేరు అచ్చులో వచ్చింది డిగ్రీ సర్టిఫికెట్ మీద, ఆ తర్వాత పెళ్లి శుభలేఖ మీద. అంతే! గ్యాస్ పుస్తకం మీద కూడా మావారి పేరే. నేను కష్టపడి వండిన వంటకు సైతం ఊళ్లో "సుబ్రహ్మణ్యం ఇంటి భోజనం" అనే పేరు.

సంగతంతా విని బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన అలా వాలారంటే తీర్పు వస్తుందని అర్థం.

"అది ముందే మాట్లాడుకుని చేసే కొట్లాటమ్మా. ఎవురు గెలవల్లో, ఎవురు ఓడల్లో లోపల కూర్చుని రాసుకుంటారు."

"అవును బావా. చూసేవాళ్లందరికీ తెలుసు."

"తెలిసీ చూస్తారా!"

"ఎంత బాగా చేశారో చూస్తాం."

బావగారు మావారి వైపు చూశారు. మావారు సాంబారులోకి చూశారు.

"చూడమ్మా రూపా, మనది మాట మీద నడిచే ఇల్లు. ఉత్తుత్తి కొట్లాటకు మన ఇంటిపేరు తగిలిస్తే రేపు ధర్మవరం మగ్గాలోళ్లు మన మాట నమ్ముతారా? పేరు లేకుండా అయితే రాసుకో. నేనేం మూర్ఖుణ్ణి కాదు."

"పేరు లేకుండా వాళ్లు వేయరు బావా."

"అయితే రాయొద్దు. అయినా విచారణ లేకుండా తీర్పు చెప్పే మనిషిని కాదు నేను. ఆదివారం ఒక షో చూస్తా. చూసినాక వద్దంటా."

ఇంతటి నిష్పక్షపాతం కోర్టుల్లో కూడా దొరకదు!

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మావారికి అప్పగించి బావగారు టీవీ ముందు కూర్చున్నారు. అత్తగారు "నాకెందుకులే" అంటూ గోడకు తిరిగి పడుకున్నారు. ఇక సమీక్ష.

మొదటి మ్యాచ్: కొత్తగా చేరిన ఇద్దరు కుర్రవాళ్లు. నల్ల చెడ్డీ, నల్ల బూట్లు. పెద్దవాళ్లయ్యేదాకా వేరే రంగు కట్టుకునే అర్హత లేదు. అందులో ఒకణ్ణి రెండోవాడు బోర్లా పడేసి, రెండు కాళ్లూ వెనక్కి విరిచి వీపు మీద కూర్చున్నాడు. కిందివాడి చెయ్యి తాడును తాకితే వదిలేయాలి, అదీ నియమం. తాడు జానెడు దూరంలో ఉంది. ఈ విషయం నేను బావగారికి చెబుతుంటే గోడ వైపు నుంచి గొంతు వినిపించింది.

"జరుగు నాయనా! ఇంగ రొంత... ఇంగ రొంత!"

అత్తగారు ఎప్పుడు ఇటు తిరిగారో!

"వానికి కాలేం నొప్పి లేదమ్మా," అన్నారు బావగారు చిరాగ్గా. "మొగం మాత్రమే ఏడుస్తాంది."

"అదే విద్య బావా. కొట్టడం ఎవరైనా కొడతారు. తిన్న దెబ్బ ఆఖరి వరసలో కూర్చున్న మనిషికి కూడా తగలాలి. దెబ్బ తినేవాడే గొప్పవాడు." ఐదుకు మూడు నక్షత్రాలు ఇచ్చాను.

రెండో మ్యాచ్: మొగానికి సగం సున్నం పూసుకున్న దుర్మార్గుడొకడు, కుమానో అనే మంచివాడొకడు. దుర్మార్గుడి స్నేహితుడు బరి గట్టెక్కి రిఫరీతో ఏదో తగాదా పెట్టుకున్నాడు. రిఫరీ అటు తిరిగాడు. ఇటు దుర్మార్గుడు ఇనుప కుర్చీ ఎత్తాడు.

"ఏయ్! ఎనక చూడప్పా! ఎనక!" ఈ కేక బావగారిది. వీధిలో పోయే మనిషి ఆగి చూశాడు. బావగారు దగ్గి, "నేనేం నమ్మల్యా. ఊరికే అన్నా," అన్నారు. కుర్చీ దెబ్బ బాగుంది కానీ, రిఫరీ మరీ ఎక్కువసేపు అటే చూశాడు. రెండున్నర.

మూడో మ్యాచ్ ఆ రోజు పెద్ద మ్యాచ్: ఒకప్పుడు జోడీగా ఆడిన ఇద్దరు మిత్రులు. ఒకడికి ఎర్ర జుట్టు, ఒకడికి గుండు. నువ్వొక దెబ్బ, నేనొక దెబ్బ. వాడు కొట్టేదాకా వీడు ఛాతీ చూపించి నిలబడతాడు.

"ఎంత మర్యాదస్తులో!" అన్నారు అత్తగారు.

బరి బయట పడ్డవాడు ఇరవై లెక్కపెట్టేలోగా లోపలికి రావాలి. ఎర్ర జుట్టువాడు పందొమ్మిదికి వచ్చాడు. వచ్చీ ఓడిపోయాడు. గుండువాడు వంగి దండం పెట్టాడు. ఓడినవాడు లేవలేకనే లేచి ఇంకా కిందికి వంగాడు. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. నాలుగున్నర నక్షత్రాలు. సగం ఎందుకు తగ్గించానంటే, ఎడమ మోకాలికి దెబ్బ తగిలితే గుండువాడు కుడికాలితో కుంటాడు. అలాంటివి నేను వదలను.

బావగారు టీవీ కట్టేసి లేచారు. "చూసినా. అబద్ధమే. పేరు పెట్టేది లేదు."

సోమవారం కొట్టు నుంచి ఫోన్. పెనుకొండ నుంచి పెళ్లి బేరం వచ్చింది, ఆడవాళ్లకు చీరలు పరిచి చూపించడానికి ఒక ఆడమనిషి ఉండాలి, రమ్మన్నారు. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు దుకాణం పూజకు వెళ్లడం తప్ప, బేరం జరిగేటప్పుడు నేనెప్పుడూ కొట్లో లేను. వెళ్లాను.

పెళ్లికూతురి పిన్ని ప్రమీల అనే టీచరమ్మ, ఆమె తల్లి మునియమ్మ. ధర్మవరం చీరలు గుట్టలుగా పరిచాం. చివరికి చిలకాకుపచ్చకు మామిడిపండు రంగు అంచున్న చీర మీద ఆగారు. మావారు ధర చెప్పారు. మునియమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏమప్పా, చీర అడిగితిమా, చీరలు నేసే మగ్గం అడిగితిమా?"

మావారు తగ్గించారు. ప్రమీల ఇంకా తగ్గించమంది. ఆయన ఇటూ అటూ చూసి, గొంతు బాగా తగ్గించి అన్నారు: "సరేలే అక్కా. మా అన్న చూసేలోపల కట్టేస్తా."

ఆ మాట అన్నారో లేదో, లోపలి గది తెర లేచింది! అన్న చూసేశాడు! అయితే తెర లేవకముందే, దాని వెనక స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు వినిపించింది.

"ఏం మల్లీ! ఆ ధరకిస్తే నేసినోళ్లకి ఏం చెప్తావు? కొట్టు మూసేద్దామనా?"

"అట్ల కాదన్నా, అక్క మొదటిసారి వచ్చింది..."

"అక్క వస్తే చీర ఇస్తావు, చెల్లెలు వస్తే కొట్టు ఇస్తావు! నాయన పేరు నిలబెడతాండావా, అమ్ముతాండావా?"

మావారి తల ఒరిగిపోయింది. పెదవి వణికింది. ఆ వణుకు నేను ఆ రోజు పొడి డబ్బా దగ్గర ఎందుకు చూడలేదు! "ఇచ్చిన మాట పోతాదన్నా," అన్నారు, ఆఖరి వరసలో కూర్చున్న మనిషికి కూడా తగిలేలా.

మునియమ్మ మాత్రం తక్కువ తిందా? "మా కోసం అన్నదమ్ములు విడిపోవద్దు నాయనా. పామ్మే, ప్రమీలా," అని కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నడిచి, చెప్పుల దగ్గర ఆగింది. జపాన్‌లో బరి బయట పడ్డవాడికి ఇరవై అంకెలు. మా బజారులో ఆ లెక్క చెప్పుల దగ్గర జరుగుతుందన్నమాట! ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుంది. విప్పింది. దుమ్ము దులిపింది.

రెండో చెప్పులో కాలు పడుతుండగా బావగారు నడుము నుంచి తాళాల గుత్తి లాగి మావారి ముందు విసిరికొట్టారు. గల్లుమంది. "ఇదో తాళాలు! ఇంగ నువ్వే నడుపుకో!"

మునియమ్మ తిరిగి వచ్చింది. ధరలో ఒక మెట్టు వాళ్లు ఎక్కారు, ఒక మెట్టు వీళ్లు దిగారు. చీర పొట్లం కట్టించుకుని వెళ్తూ ఆమె బావగారికి బుద్ధి కూడా చెప్పింది: "తమ్ముణ్ణి అట్ల ఏడిపించొద్దప్పా, మంచి పిల్లోడు."

వాళ్లు బజారు మలుపు తిరగ్గానే అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే సీసాలో నీళ్లు తాగారు.

"తాళాలు రొంత తొందరగా ఇసిరినావన్నా," అన్నారు మావారు.

"రెండో చెప్పు ఏసుకుంటాంటే ఏం చేయల్ల రా?"

అప్పుడు వాళ్లకు నేను కనిపించాను. "వ్యాపారంలో రొంత గట్టిగా మాట్లాడుకోవల్లమ్మా," అన్నారు బావగారు గంభీరంగా.

ఆ రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. సంగటి, మా వైపు పుంటికూర అనే గోంగూర. నేను ఫోను తీశాను.

"ఎడిటర్‌కు ఒక సమీక్ష రాశాను బావా. పంపేముందు మీకు వినిపిస్తాను."

"జపాన్‌ది వద్దని చెప్తి గదమ్మా."

"జపాన్‌ది కాదు. మన ఊరిదైతే ఇంటిపేరుకు మర్యాదగా ఉంటుందని."

చదివాను. "స్థలం: హిందూపురం బజారు. జోడీలు: కొట్టు అన్నదమ్ములు, పెనుకొండ తల్లీకూతుళ్లు. మల్లికార్జున మంచివాడి పాత్రలో రాణించారు. ఆ పెదవి వణుకు జపాన్‌లో కూడా అరుదు. నాలుగు నక్షత్రాలు. మునియమ్మ చెప్పుల ఘట్టానికి నాలుగున్నర. సుబ్రహ్మణ్యం గారి దుర్మార్గుడి పాత్రలో గొంతు ఉంది, సమయం లేదు. తెర వెనక గ్లాసు చప్పుడు వినిపించడం పెద్ద లోపం. రెండున్నర."

ఎవరూ నమలడం లేదు. ముందుగా తేరుకున్నది అత్తగారు.

"తాళాలు ఎప్పుడిసిరినాడే? చెప్పులేసుకుంటాంటేనా?" అన్నారు. "తప్పు గదరా సుబ్బూ! మీ నాయన మెట్టు దిగనిచ్చేవాడు. మెట్టు దిగినాక ఇసిరితే, తిరిగొచ్చే మనిషి ఇంగ బేరం ఆడదు. మీ నాయనకైతే రూప ఐదు నక్షత్రాలు ఇచ్చేది."

బావగారి మొహం కందిపోయింది. చేతిలోని సంగటి ముద్దను పళ్లెంలోకి కొట్టారు.

"వీనికి నాలుగు, నాకు రెండున్నరా! ఊరికే తలకాయ ఒంచుకుని నిలబడేది పెద్ద కష్టమా? నేను మంచోణ్ణయితే వీన్ని చూసి ఎవురు జాలి పడతారు? ఇరవై ఏండ్లుగా ఊరందరి తిట్లూ తింటాండేది నేను! నువ్వే చెప్తివి గదమ్మా, దెబ్బ తినేవాడే గొప్పవాడని!"

ఆయన గొంతు నిజంగానే వణికింది. దీనికి నక్షత్రాలు ఇవ్వాలనిపించింది కానీ, ఇది ఉత్తుత్తిది కాదేమోనని ఆగాను.

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. అప్పుడు తానేమన్నారో బావగారి చెవిన పడింది. వెనక్కి వాలబోయారు. పీట మీద వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. నిటారుగానే కూర్చుని, చెయ్యి ఆరకముందే తీర్పు చెప్పారు.

"అందురూ వినండి. జపాన్ వాళ్లది కళ. ఈ ఇంటి కోడలు రూప దాని గురించి వారం వారం రాస్తాది. పేరుతో రాస్తాది, ఇంటిపేరుతో రాస్తాది, ఫొటో గూడా ఏస్తారు. మంచి చీర కట్టుకుని ఫొటో దిగమ్మా, కొట్లోదే. మనది వ్యాపారం. దాని గురించి ఎవురూ, ఎప్పుడూ, యాడా రాసేది లేదు. ఇంగొకటి. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూత. అందురం టీవీ ముందర కూర్చోవల్ల. ఆ సున్నం మొగమోడు తెర ఎనక నుంచి ఎప్పుడొస్తాడో, ఎట్లొస్తాడో... మన మల్లి చూసి నేర్చుకోవల్ల. ఇంగ మీద కొట్లో తెర ఎనక నుంచి వచ్చేది వాడే."