నిండు మడుగు కాపలాదారు

ఆమెకున్న అతి పెద్ద భయం ఒక్కటే: నిండు మడుగు ఒడ్డున కూర్చుని మొగుడు దాహంతో పోతాడేమోనని.

ఈ భయం అశాస్త్రీయమని ఉపగ్రహ చిత్రాల కార్యాలయం ధ్రువీకరించింది. ఎడారి నడుమనున్న చిత్తడినేలకి ఆమె భర్త కాపలాదారు. పక్షుల గుడ్లు ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం ఆయన ఉద్యోగం. పక్షులు ఎగిరిపోయిన నాటి నుంచి గుడ్డు ఒక్కటి కూడా చోరీ కాలేదు. పనితనమంటే అదీ!

కార్యాలయం పద్ధతి కూడా అంతే పకడ్బందీ. ఆకాశం నుంచి నెలనెలా ఫోటో దిగుతుంది. అందులో నీళ్ళ నీలం పెరిగితే అది మంచి ఫోటో. తగ్గితే మేఘం అడ్డొచ్చినట్టు. అప్పుడు వెనకటి మంచి ఫోటోనే మళ్ళీ వాడాలి. ఏళ్ళ తరబడి చినుకెరగని ఆ ఎడారి మీద నెల తప్పకుండా మేఘం కమ్ముతోందని విని వాతావరణ శాఖవారు సైతం కించిత్తు అసూయపడ్డారట.

మడుగు అంత నిండుగా ఉండగా కాపలా గదికి నీళ్ళ ట్యాంకరెందుకు? ఆపేశారు.

చంటిదాన్ని చంకనేసుకుని ఆమె ఆ కార్యాలయం పెద్దసారు గదికి వెళ్ళింది. చదువు మధ్యలో ఆగిన మనిషి కదా అని, ఆయన ఓపిగ్గా తెర మీద చూపించాడు.

"చూడమ్మా, ఎంత నీలమో! కళ్ళు చల్లబడటం లేదూ?"

"కళ్ళకేం సార్, చల్లగానే ఉన్నాయి. ఆయన గొంతే ఎండిపోతోంది. నిన్నట్నుంచి ఫోనెత్తట్లేదు."

"స్నానానికి దిగుంటాడులే."

"నిన్నట్నుంచా సార్? అయినా ఆయనకి ఈతే రాదు!"

సారు ముఖం పాలిపోయింది. "ఈత రాదా? ఇంత పెద్ద సంగతి ఇప్పుడా చెప్పడం!"

ఆ క్షణమే జీపులో లైఫ్ జాకెట్ బయల్దేరింది. పటంలో నీలం మొదలయ్యేచోట డ్రైవరు బ్రేకేశాడు. ఎదురుగా ఇసుక. అయితేనేం, నీళ్ళలోకి వాహనం దింపరాదని నిబంధన. జాకెట్ క్షేమంగా తిరిగొచ్చింది.

సాయంత్రం కార్యాలయానికి సన్మానం. "మన మడుగు ఎండలేదు! ఎండదు! ఎండనివ్వం!" అన్నాడు సారు. హాలంతా చప్పట్లు. ఈమధ్యే చప్పట్లు నేర్చిన చంటిది కూడా, కబురు కోసం అక్కడే కాచుకున్న అమ్మ చంకలోంచి కొట్టింది. మనం కొట్టలేదూ?

చేతుల నొప్పి తగ్గాక, మీలో ఎవరైనా అటువైపు వెళ్తే, ఆ రేకుల కాపలా గది తలుపు కాస్త తట్టండి. ఆయన పలికితే ఆమెకి కబురు చేయండి. పలక్కపోతే మాత్రం సారుకి చెప్పకండి. మునిగి పోయాడని రాసుకుంటారు. మడుగు నిండుగా ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని మనం మళ్ళీ చప్పట్లు కొడతాం.