పద్నాలుగో నంబరు మ్యాన్‌హోల్ ఇచ్చిన హామీపత్రం

మంగళవారం ఉదయం పదిన్నరకు పద్నాలుగో నంబరు మ్యాన్‌హోల్‌లోని విషవాయువు మునిసిపల్ ఆఫీసుకు వచ్చి, తాను అక్కడ లేనని రాసి సంతకం పెట్టింది. ప్రతి మ్యాన్‌హోల్ నుంచీ ఇలాంటి హామీపత్రం తీసుకోవడం రెండేళ్లుగా మామూలే. శానిటరీ ఇన్‌స్పెక్టర్ రామనాథం దానికి కుర్చీ చూపించి, ఆధార్ జిరాక్సు తీసుకుని, ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించాడు. వచ్చినవాళ్లు చెదిరిపోతే మర్యాద కాదు. గుమస్తా అప్పటికే ఫైలు మీద తల వాల్చేశాడు. అది రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

గుమ్మం బయట నిలబడ్డ దానియేలుకు మాత్రం నమ్మకం కుదరలేదు. పద్దెనిమిదేళ్లుగా మురుగులోకి దిగుతున్నవాడు. వాయువు లోపలికి వెళ్తున్నప్పుడు కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టింది, సంతకం పెట్టేసరికి ఏ వాసనా లేదు. వాసన ఆగిందంటే వాయువు పోయినట్టు కాదు, ముక్కు చచ్చినట్టు. ఇది వాళ్ల బస్తీలో అందరికీ తెలుసు. అతనికి భయం వేసింది.

“సారూ, గిది అబద్ధమాడుతుంది. నా మొకం దిక్కు సూస్తనే లేదు. అటూ ఇటూ మూతలు దీసి రెండు గంటలు ఆగుదాం.”

“సంతకం పెట్టినంక కూడా అనుమానమేందయ్యా? ముందు నీ ఫారం కానియ్యి.”

దానియేలు ఫారంలో ‘నేను మ్యాన్‌హోల్‌లోకి దిగడం లేదు’ అని ఉంది. మనుషుల్ని దింపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, దిగేవాళ్లంతా ముందుగా దాని మీద వేలిముద్ర వేయాలి. లేని వాయువు దిగని మనిషిని చంపలేదు. ఆఫీసు దృష్టిలో ఇంతకంటే భద్రమైన ఏర్పాటు లేదు. వేయనంటే రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు. దానియేలు వేలిముద్ర వేశాడు. సాక్షిగా వాయువు సంతకం పెట్టింది.

పన్నెండింటికి అతను కాలనీ మురుగుకు పడ్డ అడ్డం తీయడానికి దిగాడు. పైన తాడు పట్టుకున్నది బామ్మర్ది సామేలు. నాలుగు నిమిషాలకు తాడు ఒక్కసారిగా బరువెక్కింది.

“బావా! సారూ, జెల్ది పట్టుండ్రి, బావ పడిపోయిండు!”

మ్యాన్‌హోల్ పక్కనే నిలబడ్డ రామనాథం ఫైలు తిరగేశాడు. “లోపల ఎవ్వరూ లేరే. ఎవర్ని గుంజుతున్నవ్?”

సామేలు ఒక్కడే గుంజాడు. చేతులు కోసుకుపోయాయి గానీ మనిషి పైకి రాలేదు. తాడు వదిలి లోపలికి దూకబోతే రామనాథం చెయ్యి పట్టి ఆపాడు, ఇంకో ఫారం ఉంది. సామేలు ఏడుస్తూ వేలిముద్ర వేసి దిగాడు.

ఒంటిగంటకల్లా కాలనీలో బాత్‌రూముల నీళ్లు సాఫీగా పోయాయి. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరూ మునిసిపాలిటీకి దండాలు పెట్టారు. రోడ్డు మీద రెండు జతల చెప్పులు పడి ఉన్నాయని ఒకాయన ఫోటో పెట్టాడు. చూడ్డానికి బాగాలేవు, ఎవరైనా తీయించండి అని రాశాడు.